“లేదు”కు ఒక రిజిస్టరు: బ్రాంచ్ క్యాంపస్ లైబ్రరీ సేవలపై ఒక కేస్ స్టడీ

బ్రాంచ్ క్యాంపస్‌లోని రీడింగ్ రూమును ఎత్తివేసి ఆ గదిని తరగతులకు ఇవ్వాలన్న ప్రతిపాదన కళాశాల పాలక మండలి ముందుకు వచ్చినప్పుడు, దానికి ఆధారంగా జతచేసిన కాగితం మా లైబ్రరీ నుంచి వెళ్లినదే. విద్యా సంవత్సరం చివర మేము సమర్పించే వార్షిక నివేదికలో బ్రాంచ్ సర్క్యులేషన్, అంటే పుస్తకాల ఇష్యూ, వరుసగా మూడేళ్లు తగ్గుతూ వచ్చినట్టు ఉంది. ఆ అంకెల్లో తప్పు లేదు. వాటిని చూసినవారు బ్రాంచ్ విద్యార్థులకు లైబ్రరీతో పని లేదని తేల్చుకున్నారు. ప్రధాన లైబ్రరీ బాధ్యతలు చూస్తున్నదాన్ని కనుక ఆ నివేదిక మీద సంతకం నాదే. ఇష్యూ అయిన ప్రతి పుస్తకాన్నీ మా సాఫ్ట్‌వేర్ లెక్కపెడుతుంది. పుస్తకం అడిగి, దొరక్క, ఇక అడగడమే మానుకున్న విద్యార్థి ఏ లెక్కలోకీ రాడు. పాలక మండలిని ఒక సెమిస్టరు గడువు కోరి, ఆ లెక్క తీయడానికి నేను బ్రాంచ్‌కు వెళ్లాను. అక్కడ కనిపించినదీ, తరువాతి రెండు విద్యా సంవత్సరాల్లో మేము మార్చినదీ, మార్చలేకపోయినదీ ఇక్కడ రాస్తున్నాను.

ప్రధాన క్యాంపస్‌కూ బ్రాంచ్‌కూ మధ్య గంటన్నర ప్రయాణం. బ్రాంచ్‌లో నర్సింగ్, అకౌంటింగ్, కంప్యూటర్ అప్లికేషన్స్ కోర్సులు నడుస్తాయి. అకౌంటింగ్ విద్యార్థుల్లో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం తరగతులకు వచ్చేవారు. లైబ్రరీ అంటే ఒక గది, గోడ పొడవునా ర్యాకులు, రెండు కంప్యూటర్లు, ఒక లైబ్రరీ అసిస్టెంట్. ఆ అసిస్టెంట్ సగం రోజు అడ్మిషన్ల పని కూడా చూసేవారు. లైబ్రరీ సైన్సు చదివిన లైబ్రేరియన్ అక్కడ ఎప్పుడూ లేరు.

బ్రాంచ్ విద్యార్థికి ఎంత సేవ రావాలన్న విషయంలో మా వృత్తి ఏనాడో తన మాట చెప్పేసింది. ప్రతి పాఠకునికీ అతని పుస్తకం దొరకాలనీ, పాఠకుని సమయం ఆదా కావాలనీ భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ తన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో 1931లోనే చెప్పారు. అమెరికాలోని కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం, ప్రధాన క్యాంపస్ బయట చదివేవారికి అందించవలసిన సేవలపై 1967లో తొలి మార్గదర్శకాలు వెలువరించింది. తరువాతి కూర్పుల్లో, విద్యార్థి ఎక్కడ ఉన్నా తన సంస్థ లైబ్రరీ వనరులన్నింటికీ, లైబ్రరీ సిబ్బందితో నేరుగా మాట్లాడే అవకాశానికీ హక్కుదారు అన్న సూత్రాన్ని స్పష్టంగా రాసింది. ప్రధాన క్యాంపస్‌కు వచ్చేవారి కోసం ఏర్పరచిన సేవలనే కాస్త సాగదీస్తే దూరాన ఉన్నవారి అవసరం తీరదని కూడా ఆ పత్రం హెచ్చరించింది. మా లైబ్రరీ చేసింది సరిగ్గా ఆ సాగదీయడమే. మేము చేయగలిగింది చేస్తున్నామని నమ్మాం కూడా.

మొదటి వారం

బ్రాంచ్‌లో నేను వారం రోజులు కౌంటరు దగ్గర కూర్చున్నాను. వెళ్లేటప్పుడు గీతల పొడవాటి రిజిస్టరు ఒకటి తీసుకువెళ్లి, అందులో నాలుగు గడులు గీశాను: తేదీ, సమయం, విద్యార్థి అడిగినది, మేము ఇచ్చిన జవాబు. “లేదు”, “తెలియదు”, “తరువాత రండి”, “పెద్ద లైబ్రరీకి వెళ్లండి” అన్న మాటల్లో ఏది అనవలసి వచ్చినా, విద్యార్థి వెళ్లిన వెంటనే రాయాలని అసిస్టెంటుతో కలిసి నిర్ణయించుకున్నాం. విద్యార్థి పేరు గానీ రోల్ నంబరు గానీ అందులో రాయలేదు. ఎవరు ఏం చదువుతున్నారన్నది లైబ్రరీ గోప్యంగా ఉంచవలసిన విషయం. మాకు కావలసింది ఎవరు అడిగారన్నది కాదు, ఏది అందలేదన్నది. అడిగిన మాటలను మాత్రం మా పరిభాషలోకి మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు రాశాం. “మందుల మోతాదుల పుస్తకం, నీలం అట్ట” అని ఒక పద్దు ఉంటే, దాన్ని “ఫార్మకాలజీ” అని దిద్దలేదు.

ఆ నీలం అట్ట పుస్తకమే మా మొదటి పాఠం అయింది. నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని ఒకరు దాన్ని అడిగారు. అసిస్టెంట్ ఆమెనే తన లాగిన్‌తో ఓపాక్‌లో, అంటే లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగులో, వెతకమన్నారు. ఆమె వెతికారు, ఫలితాలు సున్నా. అసిస్టెంట్ “లేదమ్మా” అన్నారు, ఆమె కూడా అలవాటైన తీరులో తల ఊపి వెనక్కి తిరిగారు. నాకు ఆ పుస్తకం గుర్తుంది. ప్రధాన లైబ్రరీలో నాలుగు ప్రతులు ఉన్నాయి. ఆమెను ఆపి, లాగిన్ చేయకుండానే నా ల్యాప్‌టాప్‌లో అదే పేరు వెతికితే నాలుగు ప్రతులూ కనిపించాయి, వాటిలో రెండు ఆ క్షణాన ర్యాకులోనే ఉన్నాయి. పక్కపక్కన రెండు తెరలు, ఒకే కేటలాగు, ఒకే పేరు. ఒకదానిలో సున్నా, ఇంకోదానిలో నాలుగు.

కారణం దొరకడానికి ఆ మధ్యాహ్నం అంతా పట్టింది. మేము వాడేది కోహా. న్యూజిలాండ్‌లోని హోరోవెనువా గ్రంథాలయ సంస్థ కోసం తయారై, 2000 జనవరిలో పని మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. విద్యార్థి ఏ లైబ్రరీలో సభ్యుడిగా నమోదయ్యాడో ఆ లైబ్రరీ పుస్తకాలకే ఓపాక్ వెతుకులాటను పరిమితం చేసే సెట్టింగు అందులో ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టిన కొత్తలో, దగ్గరలో ఉన్న పుస్తకం ముందు కనిపిస్తే మంచిదన్న సదుద్దేశంతో దాన్ని మేమే ఆన్ చేశాం. ప్రధాన క్యాంపస్ విద్యార్థికి దానివల్ల తేడా తెలియదు, ఎందుకంటే అతని లైబ్రరీలోనే దాదాపు అన్నీ ఉన్నాయి. బ్రాంచ్ విద్యార్థి లాగిన్ చేసిన మరుక్షణం మాత్రం కళాశాల పుస్తక సంపద అంతా అతని కంటి ముందు నుంచి మాయమై, ఒక గోడ పొడవు ర్యాకులు మిగిలేవి. లాగిన్ చేయకుండా వెతికే మా సిబ్బందికి అది ఎన్నడూ కనబడలేదు. ఆ సెట్టింగును ఆపడానికి పట్టింది ఒక్క నిమిషం. అంతకుముందు సంవత్సరాల్లో ఆ కంప్యూటర్ల ముందు ఎంతమంది సున్నా చూసి లేచి వెళ్లారో చెప్పే పద్దు మా దగ్గర ఎక్కడా లేదు, ఈ కేసులో నన్ను ఎక్కువగా బాధపెట్టినది అదే. బ్రాంచ్‌లున్న ఏ లైబ్రరీ అయినా ఒక్కసారి బ్రాంచ్ విద్యార్థి లాగిన్‌తో, బ్రాంచ్‌లోని కంప్యూటరు మీద, తన కేటలాగును తానే వెతికి చూడాలని నా మనవి.

వారం చివరికి రిజిస్టరులోని పద్దులను కారణాల వారీగా విడదీశాం. కళాశాలలో నిజంగానే లేని పుస్తకం అడిగిన పద్దులు కొద్ది. పుస్తకం ప్రధాన లైబ్రరీలో ఉన్నా తెప్పించే దారి లేకపోవడం, ఉన్న ప్రతి పాత కూర్పు కావడం, ఇ-జర్నల్ తెరుచుకోకపోవడం, ఇవే మిగతావాటిలో ఎక్కువ. గది మూసి ఉన్నప్పుడు వచ్చినవారు రిజిస్టరులోకి ఎలా వస్తారన్న ప్రశ్న వచ్చింది. తలుపు పక్కన ఒక అట్టపెట్టె కట్టి, “గది మూసి ఉందా? మీకు కావలసినది రాసి ఇందులో వేయండి” అని చీటీలు, పెన్సిలు పెట్టాం. మరుసటి ఉదయం పెట్టె తెరిస్తే, సాయంత్రం అకౌంటింగ్ విద్యార్థుల చీటీలే అన్నీ. ఆఫీసు వేళల ప్రకారం గదిని నాలుగున్నరకు మూసేవారు. వారి తరగతులు అయిదున్నరకు మొదలయ్యేవి.

పాత కూర్పుల సంగతి

ఇది విడిగా చెప్పవలసిన విషయం. ప్రధాన లైబ్రరీలో కొత్త కూర్పు రాగానే పాత ప్రతులను బ్రాంచ్‌కు పంపడం మాకు ఏళ్లనాటి ఆనవాయితీ. పుస్తకం వృథా కాకుండా ఎవరికో ఒకరికి ఉపయోగపడుతుందన్నది ఆలోచన. సాహిత్యంలో, చరిత్రలో అది కొంతవరకు చెల్లుతుంది. నర్సింగ్‌లో మందుల మోతాదులు, ఇన్ఫెక్షన్ నివారణ పద్ధతులు మారుతూ ఉంటాయి; అకౌంటింగ్‌లో ప్రమాణాలు, పన్ను నిబంధనలు మారుతాయి. ప్రధాన క్యాంపస్ విద్యార్థికి పనికిరాదని మేము ర్యాకు నుంచి తీసిన పుస్తకం, రేపు రోగి మంచం దగ్గర నిలబడబోయే ఇంకో విద్యార్థికి సరిపోతుందని మేమే నిర్ణయించినట్టు అయింది. బ్రాంచ్ ర్యాకులను ఒక్కో వరుసగా చూస్తూ వెళితే, సగానికి పైగా పుస్తకాల మీద ప్రధాన లైబ్రరీ పాత ముద్ర, దాని పక్కన కొట్టివేత గీత, దాని కింద బ్రాంచ్ ముద్ర కనిపించాయి.

ప్రధాన లైబ్రరీ నుంచి తొలగించిన ఏ పుస్తకమూ ఇక బ్రాంచ్‌కు వెళ్లరాదన్న నియమం అప్పటి నుంచి అమలులో ఉంది. బ్రాంచ్‌లో బోధించే ప్రతి సబ్జెక్టుకూ నిర్ణీత పాఠ్యపుస్తకం తాజా కూర్పు ఒక ప్రతి బ్రాంచ్ రిజర్వులో, అంటే మామూలుగా ఇష్యూ చేయకుండా గదిలోనే ఉంచే పుస్తకాల్లో, ఉండాలి; ప్రధాన లైబ్రరీకి ఆర్డరు పెట్టే రోజునే, అదే ఆర్డరులో, బ్రాంచ్ ప్రతి కూడా పెట్టాలి. రిజర్వు ప్రతిని గదిలో రెండు గంటలు చదువుకోవచ్చు. గది మూసే వేళకు తీసుకుని మరుసటి రోజు తెరవగానే తిరిగి ఇవ్వవచ్చు. ఈ రాత్రి ఇష్యూ పద్ధతి సాయంత్రం విద్యార్థులకు మేము అనుకున్నదానికంటే ఎక్కువగా ఉపయోగపడింది.

సంచి, బండి, మాట

తెప్పించే దారి కోసం కొత్త బండి అడగలేదు. రెండు క్యాంపస్‌ల మధ్య ఆఫీసు ఫైళ్లు, జవాబు పత్రాలు మోసే వ్యాన్ వారానికి రెండుసార్లు ఎలాగూ తిరుగుతోంది. కాన్వాసు సంచులు రెండు కుట్టించాం. ఒకటి ఇటు ఉంటే రెండోది అటు ఉంటుంది కనుక, ఖాళీ సంచి తిరిగి వచ్చేదాకా పుస్తకాలు ఆగవు. వ్యాన్ బయలుదేరే ముందురోజు ఉదయం పదకొండులోపు విద్యార్థి తన పేరిట రిజర్వు చేసుకున్న పుస్తకం మరుసటి రోజు మధ్యాహ్నానికి బ్రాంచ్ కౌంటరులో ఉంటుందని తలుపు మీద, ఓపాక్ మొదటి పేజీలో రాశాం. ఈ వాగ్దానాన్ని ఇంకా వేగంగా చేయవచ్చని సహోద్యోగులు కొందరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. ఉద్యోగం, చదువు రెండూ మోసే విద్యార్థి రోజు చూసుకుని వస్తాడు. ఒకసారి మాట తప్పితే మళ్లీ అడగడు.

మొదటి నెలలోనే మాట తప్పాం. పుస్తకాలు సంచిలో సమయానికే బ్రాంచ్ చేరాయి గానీ, విద్యార్థులకు సమాచారం వెళ్లలేదు. సంచి విప్పి ప్రతి పుస్తకాన్నీ కోహాలో చెకిన్ చేస్తే, అంటే చేరినట్టు నమోదు చేస్తే తప్ప అది “దారిలో ఉంది” అన్న స్థితి నుంచి “మీ కోసం సిద్ధంగా ఉంది” అన్న స్థితికి మారదు, సందేశమూ వెళ్లదు. అడ్మిషన్ల రద్దీలో ఉన్న అసిస్టెంట్ సంచిని బల్ల కింద పెట్టి తరువాత చూద్దామనుకున్నారు. తప్పు ఆమెది అనడం న్యాయం కాదు; ఒక మనిషికి రెండు కుర్చీలు వేసిన ఏర్పాటుది. వ్యాన్ వచ్చే రెండు రోజుల్లో ఆమెను ఆఫీసు పనికి పిలవకూడదని ప్రిన్సిపాల్ నుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు తెచ్చుకున్నాం. తరువాతి విద్యా సంవత్సరానికి ఆమెకు అడ్మిషన్ల బాధ్యత పూర్తిగా తప్పింది, పని వేళలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకు మారాయి. ఉదయం పూట గదిని తెరిచి ఉంచే బాధ్యత నర్సింగ్ విభాగం తీసుకుంది. ఈ మార్పుకు ఒప్పించడానికి పట్టినంత కాలం ఇంకే పనికీ పట్టలేదు. చివరికి పనిచేసింది అట్టపెట్టెలోని చీటీలే.

ఇంకో పొరపాటు మేము ముందుగా ఊహించలేదు. పుస్తకం ఎక్కడ తిరిగి ఇస్తే అక్కడే ఉండిపోయేలా సెట్టింగు పెట్టాం, రవాణా తగ్గుతుందని. ఒక సెమిస్టరు గడిచేసరికి అకౌంటింగ్ పుస్తకాలన్నీ బ్రాంచ్‌కు చేరి, ప్రధాన క్యాంపస్ విద్యార్థుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. పాఠ్యపుస్తకాలు సొంత లైబ్రరీకి తిరిగి వెళ్లాలనీ, సాధారణ పఠన గ్రంథాలు ఎక్కడ తిరిగి ఇస్తే అక్కడే ఉండవచ్చనీ పుస్తక రకాన్ని బట్టి నియమం మార్చాక సర్దుకుంది.

తెరుచుకోని జర్నల్

ఇ-వనరుల సమస్యకు రెండు మూలాలు కనిపించాయి. మొదటిది సాంకేతికం. ప్రచురణకర్తలు మా క్యాంపస్‌ను ఐపీ చిరునామాల ద్వారా, అంటే ఇంటర్నెట్‌లో మా కంప్యూటర్లకు ఉండే సంఖ్యల ద్వారా, గుర్తిస్తారు. బ్రాంచ్‌కు ఇంటర్నెట్ వేరే సంస్థ నుంచి వస్తుంది కనుక ఆ చిరునామాలు వారి జాబితాలో లేవు. విద్యార్థి కళాశాల భవనంలోనే కూర్చుని ఉన్నా, ప్రచురణకర్త దృష్టిలో అతను బయటి మనిషి. రెండోది ఒప్పందాల్లో ఉంది. కొన్ని లైసెన్సుల్లో “సైట్” అన్న పదాన్ని ఒకే చిరునామాలోని భవనాలకు పరిమితం చేశారు. సంతకం పెట్టేటప్పుడు ధర, గడువు చూశాం గానీ ఆ నిర్వచనం చదవలేదు.

పాత ఒప్పందాల ఫైళ్లు ముందేసుకుని చదువుతుండగా తేలిన విషయం ఒకటి ఉంది. ధర నిర్ణయించడానికి విద్యార్థుల సంఖ్య అడిగినప్పుడు మేము కళాశాల మొత్తం సంఖ్య ఇచ్చాం, బ్రాంచ్ విద్యార్థులతో సహా. అంటే ఏళ్ల తరబడి వారి పేరిట చందా కట్టాం, వారికి మాత్రం తలుపు తెరుచుకోలేదు. ఈ లెక్కతో లేఖలు రాశాక చాలామంది ప్రచురణకర్తలు అదనపు రుసుము లేకుండానే బ్రాంచ్ ఐపీ చిరునామాలను చేర్చారు. ఒకరు మాత్రం బ్రాంచ్‌ను వేరే సంస్థగా పరిగణిస్తామన్నారు. ఆ చందాను మరుసటి ఏడాది పునరుద్ధరించలేదు. ఇప్పుడు మేము సంతకం పెట్టే ప్రతి లైసెన్సులో అన్ని క్యాంపస్‌లూ, ఇంటి నుంచి లాగిన్ అయ్యే నమోదిత విద్యార్థులూ అన్న మాటలు ఉండాలని పట్టుబడతాం. ఇంటి నుంచి వాడేవారి కోసం ఈజీప్రాక్సీ పెట్టాం. 1999లో క్రిస్ జాగర్ అనే కమ్యూనిటీ కాలేజీ లైబ్రేరియన్ తయారుచేసిన ఆ ప్రాక్సీ సర్వరు ఇప్పుడు గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ చేతిలో ఉంది. విద్యార్థి తన కళాశాల లాగిన్ ఒక్కటి ఇస్తే చాలు. ప్రచురణకర్తకు ఆ అభ్యర్థన మా సర్వరు నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. బస్సులో ఫోను మీద చదువుకునే విద్యార్థికి బ్రాంచ్ ఐపీ చేర్చడం కంటే ఇదే ఎక్కువ మేలు చేసింది.

ప్రధాన లైబ్రరీలో మాత్రమే ఉన్న పుస్తకంలో ఒక అధ్యాయం చాలునన్నవారికి, కాపీరైట్ చట్టం అనుమతించే మేరకు స్కాన్ చేసి పంపుతున్నాం. దీని గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. అడిగినరోజే పంపితే విలువ ఉంటుంది, వారం తరువాత పంపితే అసైన్‌మెంటు గడువు దాటిపోతుంది.

మనిషి

రిఫరెన్స్ సేవ, అంటే సమాచారం వెతకడంలో సాయం, కోసం వారానికి ఒక గంట వీడియో కాల్‌లో అందుబాటులో ఉంటామని ప్రకటించాం. తొమ్మిది వారాలు ఒక్కరూ రాలేదు. విద్యార్థులకు అవసరం లేదేమోనన్న మాట మళ్లీ మా సమావేశంలో వినిపించింది; మూడేళ్ల అంకెలు చూసి పాలక మండలి తేల్చుకున్నదీ అదే మాట. అప్పుడు పద్ధతి మార్చి, మా రిఫరెన్స్ లైబ్రేరియన్ వారం విడిచి వారం బుధవారం సాయంత్రం బ్రాంచ్‌లో కూర్చోవడం మొదలుపెట్టారు. అంతకంటే ముఖ్యంగా, అధ్యాపకులతో మాట్లాడి, అసైన్‌మెంటు ఇచ్చే తరగతిలోనే ఇరవై నిమిషాలు తీసుకున్నారు. సాధారణంగా డేటాబేసుల గురించి చెప్పడం మానేసి, ఆ అసైన్‌మెంటు ప్రశ్ననే తెర మీద పెట్టి, ఏ పదాలతో వెతికితే ఏం వస్తుందో, వచ్చినదాంట్లో ఏది పక్కన పెట్టాలో విద్యార్థులతో కలిసి చేశారు. అలాంటి రెండు తరగతుల తరువాత వీడియో కాల్ గంటకు మనుషులు రావడం మొదలైంది. ముఖం తెలిసిన మనిషిని అడగడం వేరు, ఎవరో తెలియని తెరను అడగడం వేరు. రాకపోకల ఖర్చు తగ్గించడానికి వీడియో కాల్‌ను ముందు పెట్టి, మనిషిని తరువాత పంపుదామనుకునే సంస్థలకు ఆ క్రమాన్ని తిరగెయ్యమని చెబుతాను.

అసిస్టెంటుకు కూడా మనిషి తోడు అవసరం. ఒంటరిగా పనిచేసేవారికి “లేదు” అన్న మాట త్వరగా అలవాటవుతుంది, ఎందుకంటే “కనుక్కుని చెబుతాను” అనడానికి వెనుక ఎవరో ఒకరు ఉండాలి. ప్రతిరోజూ పదిహేను నిమిషాలు ప్రధాన లైబ్రరీ సర్క్యులేషన్ విభాగం ఆమెకు ఫోను చేసి, ముందురోజు రిజిస్టరు పద్దులు ఒక్కొక్కటే చదివి తేలుస్తుంది. ఈ ఫోనును ఇప్పటిదాకా పని ఒత్తిడి పేరిట మానలేదు.

ఇప్పటి స్థితి

రీడింగ్ రూము అక్కడే ఉంది. రిజర్వులు, ఇష్యూలు పెరిగాయి. అయితే ఆ పెరుగుదలలో ఎంత వాటా ఏ మార్పుకు దక్కుతుందో విడదీసి చెప్పగలిగేలా మేము పని చేయలేదు. అన్నీ దాదాపు ఒకే కాలంలో మార్చాం. సర్క్యులేషన్ ముందే తగ్గి ఉంది గనుక కొంత దానంతట అదే కూడా కోలుకుని ఉండవచ్చు. నేను ఎక్కువగా నమ్మేది రిజిస్టరు పేజీల రూపురేఖలను. తొలి నెలల్లో పేజీ పేజీకీ “పెద్ద లైబ్రరీలో ఉంది” అన్న జవాబు ఉండేది. ఇప్పుడు అది అరుదు. కళాశాలలో ఎక్కడా లేని పుస్తకాల పద్దులే ఎక్కువ. అలాంటి ప్రతి పద్దూ నేరుగా కొనుగోలు సూచనల జాబితాలోకి వెళుతుంది, తీసుకున్న నిర్ణయం రెండు వారాల్లో బ్రాంచ్ నోటీసు బోర్డు మీదికి వస్తుంది. కొనలేనివాటికి కారణం కూడా రాస్తాం.

మార్చలేకపోయినవి ఉన్నాయి. నర్సింగ్ విద్యార్థులు ఆసుపత్రి డ్యూటీలో ఉన్న వారాల్లో బ్రాంచ్‌కు కూడా రాలేరు. వారికి రిజర్వు ప్రతి అందదు, ఆ పాఠ్యపుస్తకాల్లో కొన్నింటికి లైబ్రరీలకు అమ్మే ఇ-బుక్ రూపం లేదు. వారికి ఇష్యూ గడువు పొడిగించడం తప్ప ఇంకే మార్గమూ దొరకలేదు. గదిలో చోటు చాలదు, పరీక్షల ముందు విద్యార్థులు మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు.

ఈ సెమిస్టరు అట్టపెట్టెలోని చీటీల్లో ఎక్కువ భాగం ఆదివారం గురించి. ఉద్యోగం చేసే విద్యార్థులకు పూర్తిగా దొరికే రోజు అదొక్కటే, ఆ రోజు భవనం మొత్తం మూసి ఉంటుంది. ఆదివారం గదిని ఆరు గంటలు తెరవడానికి అదనపు సిబ్బందిని, కాపలాదారును కోరుతూ రాసిన ప్రతిపాదన పాలక మండలి పరిశీలనలో ఉంది. ఈసారి దానికి మేము జతచేసింది సర్క్యులేషన్ పట్టిక ఒక్కటే కాదు. రిజిస్టరులో గత నాలుగు నెలల పేజీల నకళ్లు, విద్యార్థుల చేతిరాతలోనే ఉన్న చీటీలు అన్నీ ఉన్నాయి.